ఒంటిగంటన్నర ఏడుపు

పోయిన ఆదివారం మా తెలుగు సంఘం హాల్లో మా అక్కకి సంతాపసభ జరిగింది. సొంత అక్క కాదు, మా పెదనాన్న కూతురు. హైదరాబాదులో పాతికేళ్ళపాటు టీవీ సీరియళ్ళలో నటించింది. అన్నీ మధ్యాహ్నం వచ్చేవే. సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే పెద్ద సీరియళ్ళలోకి ఆమెని ఎవరూ పిలవలేదు. ఆ సంగతి సభలో ఎవరూ ఎత్తలేదు. కార్యదర్శిగారు "మన జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళ ముద్దుబిడ్డ" అన్నారు. స్టేజి మీద దండ వేసిన ఫోటోలో ఆమె జరీ చీర, వడ్డాణం, బొట్టు కింద ఇంకో చిన్న బొట్టు పెట్టుకుని, ఎవరినో ఇంట్లోంచి వెళ్ళగొడుతున్నట్టు చూస్తోంది. మామూలు ఫోటో ఒక్కటి కూడా దొరకలేదట.

నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. "మా అక్క గొప్ప నటి. ఆమె ఏడిస్తే చూసేవాళ్ళు కూడా ఏడ్చేవాళ్ళు" అన్నాను. చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లు కొట్టకూడదన్న సంగతి ఎవరికీ తోచలేదు. ఆమె ఉంటే లేచి నిలబడి నమస్కారం పెట్టేది.

నేనన్న రెండు మాటల్లో మొదటిది అబద్ధం. రెండోది నిజమే గాని, దాని వెనక సంగతి నేను చెప్పలేదు. ఆ హాల్లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. నాకు ఆమె అంటే చులకన. చచ్చిపోయిందని ఆ చులకన తగ్గలేదు.

ఆమె గదిలోకి మామూలుగా నడిచి రావడం నేను చూడలేదు. ప్రవేశించేది. గుమ్మంలో ఆగి, కొంగు సర్దుకుని, లోపలున్న వాళ్ళందరినీ ఒకసారి కలయజూసి, అప్పుడు కాలు లోపల పెట్టేది. ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేది కాదు. మెల్లగా తల తిప్పేది, కళ్ళు పెద్దవి చేసేది, కాసేపు అలాగే ఉండిపోయేది. సీరియల్లో అయితే ఆ కాసేపట్లో కెమెరా ఆమె ముఖం మీదికి మూడుసార్లు వచ్చి పడుతుంది, వెనక ఢమఢమా మోగుతుంది. మా ఇంట్లో కెమెరా లేదు, మోగేది కుక్కరు ఒక్కటే. అయినా కాఫీలో పంచదార ఎంత వెయ్యమంటావని అడిగినా ఆ తల తిప్పడం తప్పేది కాదు. మా అమ్మాయి చిన్నప్పుడు ఆమె ఎదురుగా కూర్చుని వేళ్ళు మడిచేది. "ఏక్, దో, తీన్. అబ్ బోలేగీ." సరిగ్గా మూడు తర్వాతే ఆమె మాట్లాడేది. పిల్ల కిందపడి నవ్వేది. తనని చూసి ముచ్చటపడుతోందనుకుని అక్క దాని గడ్డం పట్టుకునేది.

ఆమెకి ఎడమవైపు ముఖం బాగుంటుందని ఎవరో కెమెరామన్ చెప్పాడట. ఆ రోజునుంచి ఆమె కుడిచెంప లోకానికి కనబడలేదు. మా ఇంట్లో భోజనానికి కూర్చున్నా కుడివైపు గోడ వచ్చేలా పీట జరుపుకునేది. గ్రూప్ ఫోటో తీసుకుంటే ఎప్పుడూ ఒక చివర, పక్కకి తిరిగి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు.

ఇక భాష. ఇక్కడే, టాటానగర్ స్టేషన్ వెనక రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. మా పెదనాన్న, మా నాన్న ఇద్దరూ రైల్వేలోనే చేశారు. అసలు ఊరు శ్రీకాకుళం వైపు. మా ఇళ్ళల్లో అందరం ఏటి, ఎలగ, ఎల్తన్నావా, వత్తన్నావా అనేవాళ్ళమే. అక్క హైదరాబాదు వెళ్ళిన రెండేళ్ళకి వచ్చి మా అమ్మని "పిన్నీ" అని పిలిచింది. అప్పటిదాకా "సిన్నమ్మా" అనేది. మా అమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఎవరిని పిలుస్తోందోనని.

"నిన్నే పిన్నీ. ఆరోగ్యం ఎలా ఉంటోంది?"

"ఓలమ్మ, ఇదేటే ఇలగ మాటాడతన్నావు? ఆసుపత్రిలో నర్సమ్మలాగ" అంది అమ్మ.

కష్టపడి నేర్చుకున్న ఆ భాష కూడా మొదటి ఎనిమిదేళ్ళూ టీవీలో వినిపించలేదు. ఆమె పెదవులు కదిలేవి, వేరే ఎవరో గొంతు ఇచ్చేవాళ్ళు. ఆ సంగతి మాకు చెప్పలేదు. మొదటి సీరియల్ చూసి మా అమ్మే పట్టేసింది. "ఇది మన గుంట గొంతు కాదే. జలుబు సేసిందేటి?" అని అడిగింది. తర్వాత ఫోన్ చేసినప్పుడు నేను అదే అడిగితే, అవును, ఆ రోజుల్లో బాగా జలుబు చేసింది అని చెప్పింది. ఎనిమిదేళ్ళ జలుబు.

వేసిన వేషాలు చెప్పాలంటే ఒక వరసలోనే చెప్పవచ్చు. మొదట కథానాయిక స్నేహితురాలు. తర్వాత కథానాయిక చెల్లెలు. ఆ తర్వాత ఇల్లు కూల్చే ఆడపడుచు. ముప్ఫై రెండేళ్ళకి తల్లి. ఆ కొడుకు వేషం వేసినవాడు ఆమెకంటే వయసులో పెద్దవాడు. కారు ప్రమాదాల్లో రెండుసార్లు చనిపోయింది, ఒకసారి కవల చెల్లెలుగా తిరిగి వచ్చింది. ఏడాదిపాటు స్పృహ లేకుండా మంచం మీద పడుకుని నటించింది. దాన్ని తన అత్యంత క్లిష్టమైన పాత్ర అని చెప్పుకునేది. వేషం ఏదైనా పని ఒక్కటే. ఏడవడం. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి రెండింటిదాకా. ఆడవాళ్ళు వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే సమయం అది. ఆ అరగంటలో ఏడిచే మనిషిగానే ఆమెకి పేరు.

ఆ పేరు హైదరాబాదులో ఎంతుందో నాకు తెలీదు. ఇక్కడ మాత్రం ఉందని ఆమె అనుకునేది. ఈ ఊరిని "మీ ఊరు" అనేది. వచ్చినప్పుడల్లా బిష్టుపూర్ బజారుకి తీసుకెళ్ళమనేది. నేను అక్కడ ఒక బ్యాంకులో పనిచేస్తాను. నా సెలవు రోజు చూసుకుని ఆటోలో బయల్దేరేవాళ్ళం. బట్టల కొట్లో కూడా నల్లకళ్ళద్దాలు తీసేది కాదు. కౌంటరు దగ్గర నిలబడి, ఎవరైనా గుర్తుపడతారేమోనని అటూ ఇటూ చూసేది. ఆ కొట్లో ఎవడికీ తెలుగు రాదు, వాళ్ళు చూసే సీరియళ్ళు వేరు. ఒకసారి కుర్చీలో కూర్చున్న ముసలి షావుకారు ఆమెని చాలాసేపు పట్టిపట్టి చూశాడు. అక్క మెల్లగా తల తిప్పింది. ఆయన అన్నాడు. "మేడమ్, చష్మా ఉతారియే. రంగ్ సహీ దిఖేగా."

కళ్ళద్దాలు తీస్తే చీర రంగు సరిగ్గా కనిపిస్తుందని ఆయన బాధ. అక్క ఆ కొట్లో ఏమీ కొనలేదు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. ఇంతవరకే అయితే నేను ఇది రాసేదాన్ని కాదు. ఊళ్ళో అందరికీ ఇలాంటి అక్కో పిన్నో ఒకరుంటారు.

పన్నెండేళ్ళ కిందట మా నాన్న పోయారు. యార్డులో డ్యూటీలో ఉన్నారు. మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ ఒరిగిపోయారట. గుండె. ఆ వారం అక్క నాలుగు రోజులు సెలవు దొరికి మా అమ్మావాళ్ళ క్వార్టర్‌కి వచ్చి ఉంది. నాకప్పటికే పెళ్ళయి బిర్సానగర్‌లో ఉంటున్నాను. అక్క వచ్చిందని ఆ రోజు నేనూ అక్కడికే వెళ్ళాను. రెండున్నరకి నాన్నని తీసుకొచ్చి హాల్లో పడుకోబెట్టారు. క్వార్టర్లలోని ఆడవాళ్ళందరూ వచ్చేశారు. ఏడుపులు మొదలయ్యాయి. నాన్నతో పనిచేసే ఆయన ఒకరు నాన్న సంచి తెచ్చి అమ్మ చేతికిచ్చారు. అందులో టిఫిన్ డబ్బా ఉంది.

అమ్మ ఏడవలేదు. సంచి పట్టుకుని వంటింట్లోకి నడిచింది. పడిపోతుందేమోనని నేను వెనకే వెళ్ళాను. నా వెనక అక్క వచ్చింది. అమ్మ తలుపు దగ్గరగా వేసి, కింద కూర్చుని, డబ్బా విప్పింది. పై గిన్నెలో దొండకాయ వేపుడు కొంచెం మిగిలింది. కింద గిన్నెలో అన్నం సగం ఉంది, నాన్న కలుపుకున్నది, వేళ్ళ గుర్తులు కూడా ఉన్నాయి. అమ్మ ఆ అన్నం తినడం మొదలుపెట్టింది.

శవం ఇంట్లో ఉంటే మంచినీళ్ళు కూడా గొంతులో పోసుకోరు మా వాళ్ళు. పొయ్యి వెలిగించరు. పక్కగదిలో బంధువులు గుండెలు బాదుకుంటున్నారు. అమ్మ తొందర లేకుండా, మెతుకు వదలకుండా తినేసింది. డబ్బా కడిగి బోర్లించింది. చెయ్యి తుడుచుకుంటూ మా ఇద్దరి వంకా చూసింది.

"ఎవులితోనీ అనకండమ్మా" అంది.

నేను తలూపాను. అక్క ముందుకొచ్చి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కళ్ళలోంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి. ఆ రోజు ఆ నీళ్ళు చూసి నాకు ఆమె మీద జీవితంలో మొదటిసారి గౌరవం కలిగింది. నాకు రాని ఏడుపు ఆమెకి వచ్చిందని సిగ్గు కూడా వేసింది.

ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చేసి అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. ఐదు నెలలు గడిచాయి. ఒకరోజు సాయంత్రం నేను బ్యాంకునుంచి వచ్చేసరికి టీవీ మీద గుడ్డ కప్పి ఉంది. అమ్మ వరండాలో కూర్చుంది. పక్కింటావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆవిడది పలాస.

"సూసినారా మీ అక్కని ఈరోజు? ఓలమ్మ, ఏం సేసిందండీ! మొగుడు శవం హాల్లో ఉంది. ఈవిడ వంటింట్లోకెల్లి, ఆయన తినొదిలేసిన కేరేజీ ఇప్పి, ఆ ఎంగిలన్నం తింతాది. ఏడుత్తూ తింతాది, తింతూ ఏడుత్తాది. నాకైతే ఇప్పటికీ గుండి దడదడలాడతంది."

నేను అమ్మ వంక చూశాను. అమ్మ వీధిలోకి చూస్తోంది.

మర్నాడు పొద్దున్న అదే భాగం మళ్ళీ వేస్తే నేను చూశాను. కేరేజీ ఇత్తడిది, తళతళా మెరుస్తోంది. కూర గుత్తివంకాయ. అక్క తెల్లచీర కట్టుకుంది గాని పెదవుల రంగు అలాగే ఉంది. బయట వాన, ఉరుములు. ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. మూడుసార్లు కెమెరా వచ్చింది. నమిలింది. ఎడమ కంట్లోంచి ఒక్క చుక్క జారి అన్నంలో పడింది. తర్వాత కేరేజీని గుండెలకి హత్తుకుని, కింద పడి, పొర్లి పొర్లి ఏడ్చింది. నాలుగు నిమిషాలు.

ఆమె పాతికేళ్ళలో జనం గుర్తుపెట్టుకున్న సీన్ అదొక్కటే. దానికే ఆమెకి బహుమతి కూడా వచ్చింది. ఒక ఇంటర్వ్యూలో ఆ సీన్ ఎవరి ఆలోచన అని అడిగారు. తల తిప్పింది. "స్క్రిప్టులో లేదండి. నా లోపలినుంచి వచ్చింది" అంది.

ఆ చలికాలం మా సంఘంవాళ్ళు ఆమెకి సన్మానం పెట్టారు. శాలువా కప్పారు. ఆ సీన్ గురించి మళ్ళీ చెప్పమన్నారు. ఆమె మైకు పట్టుకుని, ఒక భార్య ప్రేమ ఎంత లోతుగా ఉంటుందో ఆలోచిస్తూ కూర్చుంటే తనకి తట్టిందని చెప్పింది. మా అమ్మ రెండో వరసలో కూర్చుని వింది. నేను లేచి వెళ్ళిపోదామన్నా కదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం అక్క మా ఇంటికి భోజనానికి వచ్చింది. గుమ్మంలో ఆగింది, కలయజూసింది, ప్రవేశించింది. కుడివైపు గోడ వచ్చేలా పీట జరుపుకుంది. అమ్మ వడ్డించింది. ఆమే అడిగింది.

"పిన్నీ, ఆ ఎపిసోడ్ చూశావా?"

"సూసినాను."

"ఎలా ఉంది?"

అమ్మ పప్పు గరిటె గిన్నెలో పెట్టేసి ఆమె ఎదురుగా కూర్చుంది. కోపం లేదు ముఖంలో. తప్పుగా చేసిన లెక్క సరిచేసే మేష్టారులా చెప్పింది.

"ఏడుత్తూ తిన్నావే నువ్వు. ఏడుత్తూ తింటే అన్నం గొంతు దిగదు, కక్కొచ్చెత్తాది. నానేడవలేదు. ఆయన డ్యూటీలో డబ్బా ఇప్పీ టయానికి నాను ఇంట్లో కంచం ముందు కూకునీదాన్ని, రోజూను. ఆరోజు కంచంలో అన్నం పెట్టుకున్నాను, ఇంతలోకి కబురొచ్చింది. పొద్దున్నించి ఏటీ తిన్లేదు. ఆకలేసింది నాకు. అంతే. పేమా లేదు, ఏటీ లేదు. ఆకలి."

అక్క చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఈసారి తల తిప్పలేదు. నేను అనుకున్నాను, ఇప్పుడు సిగ్గుపడుతుంది, ఇప్పుడు అమ్మ కాళ్ళమీద పడుతుంది, ఇన్నాళ్ళకి ఒక మనిషిలా మాట్లాడుతుంది అని.

ఆమె ఎడంచేత్తో ఫోన్ తీసింది. కెమెరా ఆన్ చేసి అమ్మవైపు పెట్టింది.

"పిన్నీ, ఆ మాట ఇంకోసారి అనవా? 'ఆకలేసింది నాకు' అన్నావే, అక్కణ్ణించి. కొంచెం ఇటు తిరిగి."

నేను లేచి నిలబడ్డాను. ఆ ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది. అమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. ఫోన్ వంక కాసేపు చూసింది.

"అన్నం సల్లారిపోతంది. తిను" అంది.

సాయంత్రం ఆమెని స్టేషన్‌కి దింపడానికి నేనే వెళ్ళాను. ఆటోలో అడిగేశాను. "నీకు సిగ్గనిపించలేదా?"

"దేనికి? నేను పేరు చెప్పానా? అది పిన్ని అని ఎవరికి తెలుసు?"

"అమ్మకి తెలుసు. అమ్మ చూసింది. ఎవరితోనూ అనొద్దంది, ఊరంతటికీ చూపించావు."

పర్సుడీహ్ బజారు దాటుతున్నాం. కూరగాయల బళ్ళ మధ్య ఆటో ఆగింది. ఆమె కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడు ఆమె కుడిచెంప నా వైపే ఉంది. చెప్పింది.

"నెలకి ఇరవై రోజులు షూటింగ్. రోజుకి రెండు సీన్లయినా ఏడవాలి. అన్ని ఏడుపులు నా దగ్గర ఎక్కడున్నాయే? మా అమ్మా నాన్నా ఒకే ఏడాది పోయారు, నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. ఆ ఏడుపు మొదటి సీరియల్‌కే అయిపోయింది. తర్వాత నాకేం జరిగింది చెప్పు. పెళ్ళా, పిల్లలా? పొద్దున్న మేకప్పు, సాయంత్రం ప్యాకప్పు. నాకేమీ జరగలేదు. ఎవరికైనా జరిగితే తెచ్చుకోవాలి. మీ ఇల్లు తప్ప నాకు ఇంకో ఇల్లు తెలీదు."

జాలి పడవలసిన మాటలే. ఆ క్షణం కొంచెం పడ్డాను కూడా. స్టేషన్‌లో దిగాక ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని, పెట్టె పట్టుకున్న కూలీతో "ఆప్ టీవీ దేఖ్తే హై?" అంది. నా జాలి అక్కడితో సరి.

ఆ తర్వాత ఒక చెడ్డ అలవాటు నాకు పట్టుకుంది. ఆమె సీరియల్ దొంగతనంగా చూసేదాన్ని, ఫోన్‌లో. ఎవరిది ఎత్తుకొచ్చిందో కనిపెట్టడానికి. గుమ్మం చెక్క గోళ్ళతో గీకుతూ నిలబడటం నాది. మా మామగారితో గొడవైన రోజు ఆమె మా ఇంట్లోనే ఉంది. ముక్కు చీదడానికి ముందు రెండుసార్లు గాలి పీల్చడం మా మేనత్తది. నా కోపమేంటంటే, ఎత్తుకొచ్చింది కూడా సరిగ్గా చేసేది కాదు. దేనికైనా వాన పెట్టేవాళ్ళు, ఉరుము పెట్టేవాళ్ళు. ఏ ఏడుపైనా చివరికి ఆమె ఏడుపే అయిపోయేది.

అమ్మ మాత్రం ఆ రోజు తర్వాత ఆమె సీరియల్ చూడలేదు. ఆమె ఫోన్ చేస్తే మాట్లాడేది. తిన్నావా, పడుకున్నావా అని అడిగేది. ఆమెకి నచ్చిన కందిపొడి చేసి, ఎవరైనా హైదరాబాదు వెళ్తుంటే పంపేది. నేను సణిగితే, "తల్లి లేని గుంట" అనేది. అంతకుమించి ఆ విషయం మా ఇంట్లో మాట్లాడుకోలేదు.

చివరి రెండేళ్ళూ అక్కకి బామ్మ వేషాలు వచ్చాయి. కిందటేడు సీరియల్లో ఆ బామ్మని చంపేశారు. కాని ఆమె ఫోటో హాల్లో గోడకి దండ వేసి ఉంచారు, కథానాయిక రోజూ ఆ ఫోటోతో తన కష్టాలు చెప్పుకుంటుంది. అక్క నాకు ఫోన్ చేసి అడిగింది. "నిన్న నా ఫోటో కనబడిందా? క్లియర్‌గా ఉందా, మసగ్గా ఉందా?" ఆమె కెరీర్‌లో ఆఖరి పాత్ర అది. మసగ్గానే ఉండేది. బాగా కనబడిందని చెప్పాను.

చనిపోవడానికి నెలరోజుల ముందు ఒక శనివారం మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ వచ్చింది. నేను, అమ్మ భోజనాలు చేసి కూర్చున్నాం. అమ్మ వెల్లుల్లి ఒలుస్తోంది.

"నాకు బాగోలేదే" అంది అక్క. "కడుపులో ఏదో ఉందంటున్నారు. ఆపరేషన్ అంటున్నారు. నాకు భయంగా ఉంది. ఒకసారి రాగలవా?"

గొంతు సరిగ్గా వణకాల్సిన చోట వణికింది. 'భయం' దగ్గర తెగింది. తర్వాత ఊపిరి లోపలికి పీల్చింది, ఒకటి, రెండు, మూడు, అప్పుడు వెక్కింది. ఆ వెక్కు నేను వందసార్లు విన్నదే. ఏ సీరియల్లో ఏ వేషంలో విన్నానో కూడా చెప్పగలను. మళ్ళీ ఏదో వేషం దొరికిందనుకున్నాను.

"అక్కా, ఇది ఎప్పుడు వస్తుంది? సోమవారమా?" అన్నాను.

అటువైపు ఏమీ వినపడలేదు. ఫోన్ పెట్టేసిందనుకున్నాను. అప్పుడు అడిగింది.

"ఎలా ఉంది? బాగా చేశానా?"

"పాతదే అక్కా. కొత్తగా ఏం లేదు" అన్నాను.

"సరేలే. పిన్నిని అడిగానని చెప్పు" అంది.

నేను ఫోన్ పక్కన పెట్టి నవ్వాను. ఏటే అంది అమ్మ. ఏం లేదు, అక్క డైలాగులు అప్పజెప్తోంది అన్నాను. అమ్మ ఇంకేం అడగలేదు. ఆ తర్వాత అక్క మాకు ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఆపరేషన్ జరిగిందని, నాలుగో రోజున పోయిందని హైదరాబాదునుంచి ఎవరో మేకప్ చేసే అమ్మాయి చెబితే తెలిసింది. ఆసుపత్రిలో పక్కన ఉన్నది ఆ అమ్మాయేనట. మేము వెళ్ళేలోపలే అన్నీ అయిపోయాయి.

సంతాపసభనుంచి ఇంటికొచ్చాక అమ్మకి అక్కడి సంగతులన్నీ చెప్పాను. కార్యదర్శిగారి మాటలు, చప్పట్లు, ఆ జరీచీర ఫోటో. అమ్మ మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయింది. అంతా విని అడిగింది.

"ఆవేళ ఫోన్ సేసింది కదా అది. నువ్వు నవ్వినావు. ఏటన్నాది?"

దాచిపెట్టాలనుకున్నాను. అమ్మ నా ముఖం వంకే చూస్తోంది. అంతా చెప్పాను. ఆమె అన్నది, నేనన్నది, ఆమె అడిగింది, నేను జవాబు చెప్పింది, ఒక్క మాట తగ్గించకుండా.

"అది ఏడిసిందా, ఏడిసినట్టు సేసిందా?" అంది అమ్మ.

"తెలీదమ్మా. నిజంగా తెలీదు. రెండూ ఒక్కలాగే ఉంటాయి దానికి."

అమ్మ గోడ పట్టుకుని మెల్లగా లేచింది. నన్ను తిట్టలేదు. వంటింటివైపు నడుస్తూ అంది.

"ఫోను నాకియ్యాల్సింది. నాకు తెలిసీది."